రెండో బోర్డు కట్టే ముందు

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున్నే మా పాత ఓనరు గారి దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. గోదావరి డెల్టాలో ఒక చిన్న టౌనులో ఆయనది ట్రాక్టర్ల డీలర్‌షిప్. అక్కడ స్పేర్ పార్ట్స్ కౌంటర్లో నేను 11 ఏళ్లు పనిచేశాను. మానేసి ఆరేళ్లయినా పండక్కీ పబ్బానికీ పలకరిస్తూనే ఉంటారు. ఈసారి పండగ కబురు కాదు. "ఒరేయ్, ఇంకో కంపెనీ డీలర్‌షిప్ తీసుకుందామనుకుంటున్నాం. బయటి దేశం బండి. మీ తమ్ముడు రోజూ ఇదే మాట. నువ్వేమంటావు?" అన్నారు. తమ్ముడంటే ఆయన కొడుకు. ఇంజనీరింగ్ చదివి మూడేళ్లుగా షోరూం చూసుకుంటున్నాడు.

నేను ఒకటే మాట చెప్పాను. "తీసుకోండి. కానీ బోర్డు కట్టే ముందు స్పేర్స్ రాక్ నింపండి." ఆయన "ఊఁ" అని ఊరుకున్నారు. పక్కనే ఉండి విన్న అబ్బాయికి మాత్రం ఆ మాట నచ్చలేదు. సాయంత్రం తనే ఫోన్ చేసి గంటసేపు వాదించాడు. అతను అడిగిన వాటిలో రెండు మూడింటికి అప్పటికప్పుడు నాకు సమాధానం తోచలేదు. వారం రోజులు అవే తిరిగాయి బుర్రలో. ఈ వ్యాసం అతనికీ, అతనిలాగే ఇప్పుడు రెండో కంపెనీ గురించి ఆలోచిస్తున్న డీలర్లకీ, వాళ్ల దగ్గర బండి కొనబోయే రైతులకీ.

మాసీ ఎక్కడి నుంచి వచ్చింది?

"ఇవాళ మనవి అనుకుంటున్న బండ్లన్నీ ఒకప్పుడు బయటివే కదన్నా?" అన్నది అబ్బాయి మొదటి ప్రశ్న. కాదనడానికి లేదు. ఐషర్ జర్మనీ నుంచి వచ్చి 1959లో ఫరీదాబాద్‌లో మొదలైంది. టాఫే కంపెనీని 1960లో మద్రాసులో పెట్టింది బయటి కంపెనీ మాసీ ఫెర్గూసన్ ట్రాక్టర్ల కోసమే. మహీంద్రా 1963లో అమెరికా కంపెనీ ఇంటర్నేషనల్ హార్వెస్టర్‌తో కలిసి బి-275 చేసింది. మా నాన్న చివరిదాకా ఆ బండిని ఇంటర్నేషనల్ అనే పిలిచాడు. ఎస్కార్ట్స్ వాళ్లు ఫోర్డు చేశారు. హెచ్‌ఎంటీ చెకోస్లోవేకియా జీటర్ చేసింది. దుర్గాపూర్ ప్రభుత్వ పరిశోధనశాలలో మనవాళ్లే గీసుకున్న డిజైన్‌తో 1974లో వచ్చిన స్వరాజ్ మాత్రం దీనికి భిన్నం.

అంటే బయటి బండి అని భయపడితే మన పొలాల్లోకి అసలు ట్రాక్టరే వచ్చేది కాదు. ఈ మాట నేను పూర్తిగా ఒప్పుకుంటాను. కొత్త కంపెనీ వచ్చిన ప్రతిసారీ "మన నేలకి పనికిరాదు" అని పెదవి విరిచే మెకానిక్కులతో నేను ఏళ్ల తరబడి వాదించినవాణ్నే.

అయితే ఆ బండ్లు మనవి ఎలా అయ్యాయో కూడా చూడాలి. నేను కౌంటర్లో చేరేనాటికి మాసీ క్లచ్ ప్లేటు మా టౌనులో నాలుగు షాపుల్లో దొరికేది. అక్కడ లేకపోతే విజయవాడ ఆటోనగర్‌కి ఫోన్ చేస్తే రాత్రి బస్సులో పార్శిల్ వచ్చేది. షాఫ్టు అరిగితే లేత్ మీద మళ్లీ ఎక్కించే టర్నర్లు ఉండేవాళ్లు. ఊరికో మెకానిక్ కళ్లు మూసుకుని గేర్‌బాక్స్ విప్పేవాడు. ఇదంతా ఒక్క రోజులో జరగలేదు. బండి ఇక్కడే తయారవడం, ఒకే మోడల్ ఏళ్ల తరబడి మారకుండా ఉండటం, పల్లెల్లో అవే బండ్లు వేలల్లో తిరగడం, వీటన్నిటి వల్లా మెల్లగా జరిగింది.

హెచ్‌ఎంటీ సంగతి చూడండి. ట్రాక్టర్ల ఫ్యాక్టరీ మూసేయాలని 2016లో కేంద్రం నిర్ణయం తీసుకుంది. కంపెనీ పోయినా మా వైపు కొన్ని హెచ్‌ఎంటీలు ఇంకా ట్రక్కు (ట్రాలీ) లాగుతూనే ఉన్నాయి. పాత బండ్లు విప్పి అమ్మేవాళ్ల దగ్గరో, డూప్లికేట్ చేసేవాళ్ల దగ్గరో సామాను దొరుకుతోంది కాబట్టి. కంపెనీ మూతపడ్డాక కూడా బండి బతికింది. దీనికి తిరగేసి కూడా జరుగుతుంది: విదేశంలో కంపెనీ లక్షణంగా నడుస్తూ ఉంటుంది, దాని బండి మాత్రం మన పొలంలో ఆయిల్ కారకుండా ఆపే చిన్న సీలు లేక ఆగిపోయి ఉంటుంది. అది నేను దగ్గరుండి చూశాను. ఆ కథ తర్వాత చెబుతాను.

బురదలో తేడా నిజమే

ముందు బయటి బండి తరఫున మాట్లాడాలి. అది చెప్పకుండా మిగతాది చెప్పడం న్యాయం కాదు.

మా డెల్టా నల్లరేగడిలో దమ్ము (నాట్లకి ముందు నీళ్లు పెట్టి బురదగా దున్నడం) గురించి తెలిసినవాళ్లకి ఎక్కువ చెప్పక్కర్లేదు. కాలవ నీళ్లు వదిలాక చేను మోకాలి లోతు దిగుతుంది. మామూలు 45 హెచ్‌పీ టూ వీల్ బండి (ఇంజన్ బలం వెనక రెండు చక్రాలకే అందేది) 1,800 నుంచి 2,000 కిలోల బరువు ఉంటుంది. దానికి ఇనుప దమ్ము చక్రాలు తగిలించి దింపితే మూలల్లో తిప్పేటప్పుడు దిగబడటం మామూలే. ఒక బండి దిగబడితే లాగడానికి ఇంకో బండి, అదీ దిగబడితే జేసీబీ. కుబోటా ఎల్4508 లాంటి జపాన్ బండి అదే 45 హెచ్‌పీ ఇస్తుంది, బరువు మాత్రం 1,400 కిలోల లోపే. పైగా అది ఫోర్ వీల్, అంటే ఇంజన్ బలం నాలుగు చక్రాలకీ అందుతుంది. వరి పండించే దేశంలో, చిన్న చిన్న మడుల కోసం పుట్టిన బండి అది. మన చేలకి సరిపోవడంలో ఆశ్చర్యం ఏముంది?

ఆ కంపెనీ మన దేశంలో దుకాణం తెరిచింది 2008లో, చెన్నైలో. ట్రాక్టర్లతో పాటు నాటు యంత్రాలు, చైన్ మీద నడిచే వరికోత మిషన్లు తెచ్చింది. తర్వాత ఎస్కార్ట్స్‌తో చేతులు కలిపింది. 2022లో ఎస్కార్ట్స్ పేరే ఎస్కార్ట్స్ కుబోటా అయింది. ఇంకో జపాన్ కంపెనీ యాన్మార్ సోనాలికా వాళ్లతో కలిసి 2019లో సోలిస్ యాన్మార్ పేరుతో దిగింది. మహీంద్రా కూడా జపాన్ మిత్సుబిషి వ్యవసాయ యంత్రాల కంపెనీలో వాటా కొని, వాళ్లతో కలిసి చిన్న తేలిక బండ్లు తయారుచేసి 2023లో ఓజా పేరుతో విడుదల చేసింది. అవి తయారయ్యేది మన జహీరాబాద్‌లోనే. తేలిక బండికి మన దగ్గర గిరాకీ ఉందని ఇంతమంది ఊరికే అనుకోలేదు.

మొదటిసారి అలాంటి బండి డెమోకి వెళ్లిన రోజు నాకు బాగా గుర్తు. 30 ఏళ్లుగా ట్రాక్టర్ నడుపుతున్న డ్రైవర్ ఒకాయన ఎక్కాడు. అలవాటు కొద్దీ థొరెటిల్ సగంలో పెట్టి దమ్ము మొదలుపెట్టాడు. బండి లాగలేదు. కంపెనీ కుర్రాడు థొరెటిల్ పెంచమన్నాడు. పెంచితే ఇంజన్ పెద్దగా అరిచింది. ఆయన వెంటనే దిగిపోయి, "ఇంత అరిచే ఇంజన్ ఎన్నాళ్లుంటుంది బాబూ, రెండు దాళ్వాలకి (రబీ పంటలకి) ఇంజన్ బోరు పోద్ది" అన్నాడు. మా మేస్త్రీ (షోరూం పెద్ద మెకానిక్) కూడా తలూపాడు.

ఇద్దరూ పొరపడ్డారు. మన పాత బండ్ల ఇంజన్లు 2,000 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) చుట్టుపక్కల పనిచేసేలా చేసినవి. ఆ జపాన్ ఇంజన్ చిన్నది, దాని పూర్తి బలం 2,600 దగ్గర. దానికి ఆ శబ్దం మామూలే. ఈ చిన్న సంగతి డ్రైవర్లకి నేర్పించడానికి మా చుట్టుపక్కల డీలర్లకి రెండు సీజన్లు పట్టింది. నేర్పించనివాళ్ల దగ్గర "బండికి బలం లేదు" అన్న పేరు వచ్చేసింది, అది పోలేదు. కొత్త కంపెనీ తెచ్చే డీలర్‌కి అమ్మడం కంటే ముందు చేయాల్సిన పని ఎంత ఉంటుందో నాకు మొదట తెలిసింది ఆ డెమోలోనే.

19 రోజులు

ఇప్పుడు ఆ కథ. కంపెనీ పేరూ డీలర్ పేరూ రాయను. మా టౌను డీలరూ కాదు, పైన చెప్పిన కంపెనీలూ కావు.

మా బాబాయి వరసాయన ఒకరు సొంతంగా మూడెకరాలు, కౌలుకి ఎనిమిదెకరాలు చేస్తారు. ఊళ్లో అద్దెకి దమ్ము చేసి వాయిదాలు కట్టొచ్చని ఫోర్ వీల్ విదేశీ బండి తీసుకున్నారు. మొదటి సార్వా (ఖరీఫ్) బ్రహ్మాండంగా నడిచింది. డిసెంబరులో దాళ్వా దమ్ము మొదలైన నాలుగో రోజు ముందు యాక్సిల్ దగ్గర ఆయిల్ కారడం కనబడింది. సార్వా దుబ్బుల గడ్డి హబ్‌కి చుట్టుకుని సీలు కోసేసింది. డ్రైవర్ రోజూ గడ్డి తీసి చూసుకోవాల్సింది, చూసుకోలేదు. ఆ తప్పు మా వాళ్లదే. కానీ బురదలో నడిచే ఫోర్ వీల్ బండికి ముందు యాక్సిల్ సీలు పోవడం వింతేమీ కాదు. ప్రతి సీజన్లో ఎవరో ఒకరికి పోతుంది.

డీలర్ దగ్గర సీలు లేదు. "ఆర్డర్ పెట్టాం, రెండు రోజుల్లో వచ్చేస్తుంది" అన్నారు. మూడో రోజు కంపెనీ స్పేర్స్ డిపోలో లేదని తెలిసింది. డిపో వేరే రాష్ట్రంలో ఉంది. అక్కడికి పై నుంచి రావాలట. బాబాయి ఆగలేక ఊరి మెకానిక్‌తో కొలత చూసి బయట సీలు వేయించారు. లోపలి వ్యాసం, బయటి వ్యాసం సరిపోయాయి. కానీ అసలు సీలుకి బురద ఆపడానికి లోపల మూడు నాలుగు పెదవుల్లాంటి అంచులు ఉంటాయి, దీనికి ఒకటే. రెండో రోజుకే బురద లోపలికి పోయింది. బేరింగూ, బెవెల్ గేరూ పోయాయి. అప్పటిదాకా సీలు కోసం ఎదురుచూసినవాళ్లు ఇక గేర్ సెట్ కోసం ఎదురుచూడాల్సి వచ్చింది.

మొత్తం 19 రోజులు. డెల్టాలో దాళ్వా దమ్ముకి ఉండేదే నెల లోపు. వేసవికి కాలవలు కట్టేసేలోగా పంట చేతికి రావాలి కాబట్టి ఎవరూ ఎవరి కోసమూ ఆగరు. బాబాయి ఒప్పుకున్న 60 ఎకరాల దమ్మూ వేరే బండ్లకి పోయింది. తన సొంత చేలో అద్దె బండి పెట్టి దమ్ము చేయించుకున్నారు. గేర్ సెట్ వారంటీలో ఉచితంగానే వేశారు, అది నిజం. పోయిన 19 రోజులకి వారంటీ లేదు. ఆ ఆరు నెలల వాయిదా పిన్ని గొలుసు తాకట్టు పెట్టి కట్టారు.

ఆ తర్వాత ఊళ్లో వాళ్లు అన్న మాట మీద నేను చాలా రోజులు ఆలోచించాను. ఎవరూ కంపెనీని తిట్టలేదు. "ఫలానా వాళ్ల దగ్గర బండి తీసుకున్నాడు, మునిగాడు" అన్నారు. ఫలానా అన్న చోట డీలర్ ఇంటిపేరు. మా పల్లెల్లో బండికి కంపెనీ పేరు కన్నా ఇదే గట్టి పేరు. 40 ఏళ్లుగా నలుగురికి తెలిసిన ఇంటిపేరు కాబట్టే బాబాయి ఎప్పుడూ వినని కంపెనీ బండికి బయానా ఇచ్చారు. విదేశంలో ఉన్న కంపెనీకి మా ఊళ్లో పోయే పరువేమీ లేదు. పోయిందంతా ఆ కుటుంబానిదే. వాళ్ల పాత బ్రాండ్ అమ్మకాలు కూడా మా మండలంలో ఆ ఏడాది తగ్గాయి.

మా ఓనరు గారి దగ్గర జరిగింది ఒకటి చెప్పాలి. ఒక దాళ్వాలో రాత్రి ఎనిమిదింటికి ఒక రైతు హైడ్రాలిక్ పంపు పోయిందని వచ్చాడు. రాక్‌లో లేదు, ఆటోనగర్‌లోనూ లేదు. ఓనరు గారు నిలబడి రెండు నిమిషాలు ఆలోచించి, షోరూంలో అమ్మకానికి పెట్టిన కొత్త బండి చూపించి మేస్త్రీతో, "దీంది ఊడదీసి ఇచ్చెయ్" అన్నారు. పదకొండు గంటలకి రైతు పంపు తీసుకుని వెళ్లిపోయాడు. కంపెనీ సేల్స్ మేనేజర్ వచ్చి పెద్ద గొడవ చేశాడు. ఆ బండి పంపు వచ్చేదాకా నెలన్నర అమ్ముడుపోకుండా ఉండిపోయింది, దాని మీద వడ్డీ ఓనరు గారే కట్టారు. ఆ రైతు ఇద్దరు తమ్ముళ్లూ, బావమరిదీ తర్వాత మా దగ్గరే బండ్లు తీసుకున్నారు.

రాక్ ఖరీదు ఎవరు భరించాలి?

ఈ కథ చెప్పగానే అబ్బాయి అడిగింది నన్ను నిజంగా ఇబ్బంది పెట్టిన ప్రశ్న. "అన్నా, నెలకి రెండు బండ్లు అమ్ముడుపోయే బ్రాండ్‌కి అన్ని పార్ట్‌లు పెట్టుకుంటే నేనేం మిగుల్చుకోను?"

అతని లెక్క తప్పు కాదు. డీలర్ డబ్బు అంతా బ్యాంకు అప్పు లిమిట్‌లో ఉంటుంది. షోరూంలో నిలబడ్డ బండికి రోజూ వడ్డీ నడుస్తుంది. రైతు అప్పు, సబ్సిడీ బిల్లు, ఎక్స్ఛేంజ్‌లో తీసుకున్న పాత బండి, వీటన్నిట్లో డబ్బు ఇరుక్కుంటుంది. దాని మీద కదలని సామాను కూడా తెచ్చి పెట్టుకోమంటే ఎవరికైనా టెన్షనే. కదలని సామాను అంటే ఏమిటో నాకు తెలుసు. మేం స్టాక్ తీసినప్పుడల్లా పై అరలో అట్టపెట్టెలు అలాగే ఉండేవి. మోడల్ మారిపోయింది, ఆ పార్ట్ ఇక ఎవరికీ పనికిరాదు, కంపెనీ వెనక్కి తీసుకోదు. 2023 జనవరి 1 నుంచి 50 హెచ్‌పీ దాటిన ట్రాక్టర్లకి కొత్త కాలుష్య నిబంధనలు వచ్చి ఇంజన్ల డీజిల్ వ్యవస్థే మారిపోయినప్పుడు, పాత పంపులూ నాజిళ్లూ కొని పెట్టుకున్నవాళ్లకి ఏమైందో చూశాం. పైగా ఆ కొత్త ఇంజన్లకి లోపం తెలుసుకోవాలంటే ల్యాప్‌టాప్ పెట్టాలి. రెంచి పట్టుకుని పెరిగిన మా మేస్త్రీలకి అదో కొత్త చదువు.

ఇది గుడ్డు ముందా కోడి ముందా అన్న చిక్కు. బండ్లు ఎక్కువ ఉంటేనే పార్ట్‌లు కదులుతాయి, పార్ట్‌లు ఉంటేనే బండ్లు ఎక్కువ అమ్ముడుపోతాయి. ఫోన్లో నాకు జవాబు తోచలేదు. ఇప్పుడు తోచినంత చెబుతాను. ఇది పూర్తి జవాబు కాకపోవచ్చు.

కొత్త కంపెనీ మొదట పంపే స్టాక్‌లో ఫిల్టర్లు, బెల్టులు, బల్బులు ఎక్కువ ఉంటాయి. సర్వీసుకి అవసరమే, కాదనను. కానీ ఏ పార్ట్ లేకపోతే బండి చేలోనే ఆగిపోతుందో ఆ లిస్టు వేరు. అది దేశమంతటికీ ఒకటి కాదు. దుమ్ములో నడిచే అనంతపురం బండికి ఎయిర్ క్లీనర్, మా బురదలో నడిచే బండికి యాక్సిల్ సీళ్లు, బేరింగులు, క్లచ్. ఆ లిస్టు ఆఫీసులో కూర్చుని రాయలేరు, ఆ నేలలో పనిచేసిన మెకానిక్ రాయాలి. రాస్తే 100, 150 రకాలకి మించదు. నాలుగు వేల పార్ట్ నంబర్లున్న కేటలాగ్ మొత్తం ఎవరూ కొనమనడం లేదు.

రెండోది, అమ్మే దూరం తగ్గించుకోవాలి. అబ్బాయి చాలా సంతోషంగా చెప్పాడు: "కంపెనీ వాళ్లు జిల్లా మొత్తం మనకే ఇస్తామంటున్నారన్నా." నాకు ఆ మాట వినగానే భయమేసింది. జిల్లా మొత్తం మీద చెల్లాచెదురుగా 30 బండ్లు ఉంటే ఏ మెకానిక్‌కీ ఆ బండి చేయి తిరగదు, ఏ ఊరి షాపూ దాని సామాను పెట్టదు. అవే 30 బండ్లు 25 కిలోమీటర్ల లోపు ఉంటే నెలకోసారైనా ప్రతి ముఖ్యమైన పార్ట్ కదులుతుంది, డ్రైవర్లు ఒకరికొకరు నేర్పుకుంటారు, పక్క ఊరి బండి నుంచి ఒక పూటకి పార్ట్ అడిగి తెచ్చుకోవచ్చు. మొదటి రెండేళ్లు అంతకంటే దూరం నుంచి వచ్చిన రైతుకి "ఇప్పుడే వద్దండీ" అని చెప్పగలగాలి. కంపెనీ టార్గెట్లు దీన్ని ఒప్పుకోవు. అందుకే సంతకానికి ముందే మాట్లాడుకోవాలంటున్నాను. సంతకం అయ్యాక డీలర్ మాటకి బలం ఉండదు.

అగ్రిమెంటులో ఉండాల్సిన పేజీ

ఇక్కడ అబ్బాయి మాట నాకంటే గట్టిది. "ఒక్క కంపెనీని నమ్ముకుంటే వాళ్లు ఏమంటే అది వినాలి. ఇయర్ ఎండింగ్‌కి అక్కర్లేని బండ్లు కూడా బిల్లు చేయించుకోమంటారు. రెండో కంపెనీ ఉంటే కాదనే ధైర్యం ఉంటుంది" అన్నాడు. మార్చి నెలాఖర్లలో ఓనరు గారి మొహం నేను చూశాను. ఇది నూటికి నూరు పాళ్లూ నిజం. పాత కంపెనీ ఒప్పుకోదని ఇంట్లో ఆడవాళ్ల పేరు మీద వేరే ఫర్మ్ పెట్టి, పక్క వీధిలో షోరూం తెరిచే డీలర్లు ఎందరో ఉన్నారు. వాళ్లని నేను తప్పుపట్టను.

కానీ రెండో కంపెనీ వెళ్లిపోతే? పెద్ద పెద్దవే వెళ్లాయి. కార్లలో జనరల్ మోటార్స్ 2017లో ఇక్కడ అమ్మకాలు ఆపింది. 2020లో హార్లే డేవిడ్‌సన్, 2021లో ఫోర్డ్ తప్పుకుంటున్నట్టు ప్రకటించాయి. లక్షలు పోసి షోరూంలు కట్టుకున్న డీలర్లు రోడ్డున పడ్డారు. ట్రాక్టర్లలో మన దేశపు ఫోర్స్ మోటార్సే 2024 మార్చి 31తో ఆ వ్యాపారం మానుకుంది. మనం సొంతం అనుకునే మాసీ పేరు మీద కూడా టాఫేకీ, అమెరికా కంపెనీ ఆగ్కోకీ 2024లో గొడవ మొదలై కోర్టులకెక్కింది. 2025 జులైలో రాజీ కుదిరి ఇక్కడ ఆ పేరు టాఫేకే దక్కింది. అంత పాత అనుబంధంలోనే అంత తకరారు వస్తే, నిన్నగాక మొన్న వచ్చిన కంపెనీ మాట ఏం చెప్పగలం?

డీలర్లని కాపాడే ప్రత్యేక చట్టం కావాలని కార్లు, బండ్ల డీలర్ల సంఘం ఫాడా ఏళ్లుగా అడుగుతోంది. ఇంకా రాలేదు. అమెరికాలో మాత్రం చాలా రాష్ట్రాల్లో వ్యవసాయ యంత్రాల డీలర్ల కోసం విడిగా చట్టాలున్నాయి. ఒప్పందం ముగిస్తే డీలర్ దగ్గర మిగిలిన బండ్లనీ, పార్ట్‌లనీ కంపెనీ తిరిగి కొనుక్కోవాలన్నది వాటిలో ముఖ్యమైన షరతు. ఆ ఒక్క షరతు ఉంటే డీలర్ ధైర్యంగా రాక్ నింపుతాడు. ఎందుకంటే కదలని సామాను ఇక అతని నెత్తిన ఉండదు.

ఇంకో విశేషం, అక్కడ మన బండే బయటి బండి. మహీంద్రా 1994లో అమెరికాలో కంపెనీ పెట్టింది. అక్కడ అమ్మిన చిన్న బండ్లలో కొన్ని కొరియాలో, జపాన్‌లో తయారైనవి. మా పిన్ని కొడుకు టెక్సాస్‌లో ఊరి బయట 12 ఎకరాలు కొని, గడ్డి కోయడానికి మహీంద్రా తీసుకున్నాడు. అక్కడి రైతులకి వాళ్ల ఆకుపచ్చ జాన్ డీర్ బండ్ల మీద ఎంత మమకారమో తెలిసిందే. కొనేముందు ఏం చూశావని అడిగాను. "డీలర్ నన్ను ముందు పార్ట్‌ల గదిలోకి తీసుకెళ్లాడు అన్నయ్యా. ఈ ఊళ్లో ఈ బండ్లు ఎవరెవరి దగ్గరున్నాయో చెప్పి, వాళ్ల ఫోన్ నంబర్లు ఇచ్చి, మాట్లాడుకుని రమ్మన్నాడు" అన్నాడు. మన దగ్గర కొత్త బ్రాండ్ షోరూంకి వెళ్తే ముందు కూల్ డ్రింకు, తర్వాత ఫైనాన్స్ కుర్రాడు. పార్ట్‌ల గది వెనక సందులో ఉంటుంది.

చట్టం లేకపోతే కాగితం మీదైనా రాయించుకోవాలి. కొత్త కంపెనీ డీలర్ కోసం వెతుకుతున్నప్పుడు దానికీ అవసరమే. మంచి పేరున్న ఇంటిపేరు దానికి కావాలి. ఆ సమయంలో అడగాల్సినవి అడగాలి: ఏడాది పాటు కదలని పార్ట్‌ని తిరిగి తీసుకోవాలి, డిపో మన రాష్ట్రంలో గానీ, ఒక రాత్రి ప్రయాణంలో గానీ ఉండాలి, దమ్ము సీజన్లో 48 గంటల్లో పార్ట్ రాకపోతే అద్దె బండి ఖర్చు కంపెనీ పెట్టుకోవాలి. మూడోది ఒప్పుకోరని అబ్బాయి అన్నాడు. ఒప్పుకోకపోవచ్చు. మొదటి రెండూ కూడా ఒప్పుకోని కంపెనీ ఇక్కడ ఎన్నాళ్లు ఉండాలనుకుంటోందో అతనే ఆలోచించుకోవాలి.

కొనేవాళ్లకి ఒక మాట

2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. ట్రాక్టర్ టైర్ల మీద, పార్ట్‌ల మీద 18 నుంచి 5కి. బండి మీద వేలల్లో తగ్గడంతో ఇంకాస్త పెట్టి ఫోర్ వీల్ తీసుకుందామని చాలామంది అనుకుంటున్నారు. మంచిదే. షోరూంకి వెళ్లినప్పుడు మాత్రం బండి చూసే ముందు స్పేర్స్ కౌంటర్‌కి వెళ్లండి. ముందు యాక్సిల్ సీలు, క్లచ్ ప్లేటు, హైడ్రాలిక్ పంపు ఉన్నాయా అని అడగండి. ఉంటే చూపించమనండి. "తెప్పిస్తాం" అన్నారంటే ఎన్ని రోజుల్లో వస్తుందో, పోయినసారి ఎన్ని రోజులు పట్టిందో అడగండి. కౌంటర్లో కుర్రాడు అబద్ధం చెప్పలేడు, నేను ఆ కుర్చీలో కూర్చున్నాను కాబట్టి తెలుసు. బండి మళ్లీ అమ్మేటప్పుడు వచ్చే ధర కూడా ఆ రాక్‌ని బట్టే ఉంటుంది. సామాను దొరకని బండిని సంతలో ఎవరూ ముట్టుకోరు.

నిన్న ఓనరు గారు మళ్లీ ఫోన్ చేశారు. సంక్రాంతికి అనుకున్న ఓపెనింగ్ ఉగాదికి మార్చారట. కంపెనీ వాళ్లు వెనక్కి తీసుకునే షరతు సగం ఒప్పుకున్నారట: పెట్టె విప్పని పార్ట్‌లు మాత్రం, ఏడాది లోపు. అబ్బాయి ఫోన్ తీసుకుని, "అన్నా, ఆ 150 రకాల లిస్టు నువ్వే రాసివ్వు, మేస్త్రీని కూడా మీ ఇంటికి పంపిస్తా" అన్నాడు. రాత్రి నోట్‌బుక్ తీశాను. మొదటి లైను: ముందు యాక్సిల్ ఆయిల్ సీలు, కుడి ఎడమ కలిపి 40. రెండో లైను, దాని వెనకుండే బేరింగ్. మూడోది క్లచ్ ప్లేటా, హైడ్రాలిక్ పంపు కిట్టా అన్నది ఆదివారం మేస్త్రీ వచ్చాక తేల్చుకోవాలి.